ఏడేళ్ళకు ఏడు ముద్దలు

బుధవారం వచ్చిందంటే గేస్కెకు కాళ్ళు నేల మీద నిలవవు. బుధవారం బడి పన్నెండుంబావుకే వదిలేస్తారు. వదిలిన దగ్గర్నుంచి సాయంత్రం అయిదున్నర దాకా మనవరాలు ఫెన్నా ఆవిడ సొత్తు. కూతురు మారిత్ ఆఫీసు నుంచి వచ్చి తీసుకెళ్ళేదాకా ఆ పిల్ల మీద ఇంకెవరికీ హక్కు లేదు. తాతయ్య హార్మ్‌కు కూడా అమ్మమ్మ దయ తలిస్తేనే.

ఆ రోజు ఇంకా ఎనిమిది కాలేదు. సముద్రపు కట్ట మీదుగా గాలి హోరుమని వీస్తోంది. హార్మ్ కాఫీ ముందు పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. గేస్కె పొయ్యి దగ్గర నిలబడి, గిన్నె మూత తీసి చూస్తూ, మళ్ళీ పెడుతూ, తనలో తనే నవ్వుకుంటోంది.

“ఏమిటా సంబరం? లాటరీ గానీ తగిలిందా?” అన్నాడు హార్మ్.

“తగలబోతోంది. ఇవాళ నీ మనవరాలు కాలీఫ్లవర్ తినబోతోంది!”

హార్మ్ పేపరు దించాడు. “మారిత్ ఏం చెప్పిందో గుర్తుందా నీకు?”

“ఎందుకు లేదు? పాన్‌కేకులే పెట్టమంది. పాన్‌కేకులే పెడతాను. పిండిలో ఏం కలిసిందన్నది నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. మెత్తగా ఉడికించి, మిక్సీలో తిప్పి, జల్లెడ పట్టి మరీ కలుపుతాను. తెల్ల పిండిలో తెల్ల కూర. ఎవరు కనిపెడతారు?”

“ఆ పిల్ల కనిపెడుతుంది.”

“అదేమైనా పోలీసు కుక్కా?” అని గేస్కె మిక్సీ మీట నొక్కేసింది. ఇక హార్మ్ ఏమన్నా వినిపించదు. మిక్సీ లేకపోయినా ఈ మధ్య ఆవిడకు సగమే వినిపిస్తోంది, అది వేరే సంగతి.

గేస్కె సంగతి తెలిస్తే గానీ ఆ పట్టుదల అర్థం కాదు. పక్క ఊళ్ళోని వృద్ధాశ్రమం వంటశాలలో ముప్పై ఒక్క ఏళ్ళు పని చేసింది. నూట ఇరవై కంచాలు వెళ్తే నూట ఇరవయ్యీ ఖాళీగా తిరిగి రావాల్సిందే. “గేస్కె చేతి స్టాంపాట్ తినడానికే బతికున్నానమ్మా” అని తొంభై ఏళ్ళ ముసలాయన ఒకాయన అనేవాడట, ఆ మాట ఈవిడ ఇప్పటికి అందరికీ నాలుగేసి సార్లు చెప్పింది. ఉడికిన బంగాళదుంపల్ని మెదిపి, అందులో సన్నగా తరిగిన పచ్చి ఎండైవ్ ఆకు కలిపి, వేయించిన పందిమాంసం ముక్కలు పైన పోసి ఇస్తే ఆ ప్రాంతంలో కాదనే మనిషి ఉండడు. అంత చేయి తిరిగిన మనిషికి ఇంట్లోనే ఎదురుదెబ్బ తగిలింది. ఫెన్నా తినేవి లోకం మొత్తం మీద తొమ్మిదంటే తొమ్మిదే పదార్థాలు.

అంచులు తీసిన తెల్ల రొట్టె. ఏమీ కలపని మాకరోనీ. తొక్కా గింజలూ లేని కీరదోస. ఒకే ఒక్క రకం ఆపిల్. లేత చీజు, ఉప్పు బిస్కట్లు, వెనిలా కస్టర్డ్, బంగాళదుంప వేపుడు, పల్చటి పాన్‌కేకులు. అవి కూడా ఒకదానికొకటి తగలకూడదు. మారిత్ ఆ జాబితా రాసి అమ్మమ్మ ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించి వెళ్ళింది. గేస్కె ఆ కాగితాన్ని చూసినప్పుడల్లా తన ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసును ఎవరో వెక్కిరిస్తున్నట్టు ఉండేది.

ఇంకో సంగతి. గేస్కె ఇంట్లో ఒక నియమం ఉంది. పిల్లలకు ఎన్నేళ్ళో అన్ని ముద్దలు తినాలి. నాలుగేళ్ళకు నాలుగు, అయిదేళ్ళకు అయిదు. గేస్కె తల్లి పెట్టిన నియమం అది. గేస్కె కూడా ముగ్గురు పిల్లల్ని ఆ లెక్కనే పెంచింది. ఫెన్నా మీద కూడా ఆ లెక్కే నడిపించింది, మొన్న మారిత్ గట్టిగా వద్దనేదాకా.

పన్నెండున్నరకల్లా ఫెన్నా తాతయ్య పక్కన చిన్న సైకిలు తొక్కుకుంటూ వచ్చేసింది. చెంపలు గాలికి ఎర్రబడ్డాయి.

“అమ్మమ్మా! ఇవాళ బడి ముందు ట్రాక్టరు బురదలో దిగబడిపోయింది. టీచరు కూడా కిటికీ ఎక్కి చూసింది!”

“అలాగా నా బంగారం! ముందు చేతులు కడుక్కో. పాన్‌కేకులు వేడిగా ఉన్నాయి.”

గేస్కె కంచం ముందు పెట్టి, కొంగ చేప కోసం నిలబడ్డట్టు నిలబడింది. ఫెన్నా ట్రాక్టరు కథ చెబుతూనే ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. రెండుసార్లు నమిలింది. ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. ముక్కను చేతిలోకి ఉమ్మేసి, వాసన చూసింది. పక్క పాన్‌కేకు ఎత్తి వాసన చూసింది. దాని కింద ఉన్నది కూడా చూసింది.

“ఇందులో ఏం వేశావమ్మమ్మా?”

“ఏమీ లేదే తల్లీ. ఎప్పటి పాన్‌కేకులే.”

“కాదు.”

“అవును. తిని చూడు, ఒక్క ముద్ద...”

“కాదు! నువ్వు అబద్ధం చెప్తున్నావు!”

ఆ అరుపు గేస్కె చెవులకు బాగానే వినిపించింది. మరుక్షణం ఫెన్నా కుర్చీలో లేదు, బల్ల కింద ఉంది. మోకాళ్ళు ముడుచుకుని, తల వాటి మీద పెట్టుకుని ఏడుస్తోంది. గేస్కె వంగి ఎంత బతిమాలినా రాలేదు. చివరికి హార్మ్ తన నొప్పి మోకాలితోనే మూలుగుతూ బల్ల కింద దూరాడు. తాతా మనవరాలూ అక్కడ చాలాసేపు గుసగుసలాడుకున్నారు.

ఆయన బయటికొచ్చేసరికి ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“ఏమంటోంది?” అంది గేస్కె.

“పుట్టినరోజు వద్దంటోంది.”

“అదేమిటి? ఇంకా మూడు వారాలే ఉంది. మొన్నటిదాకా కొత్త స్కేట్లు కావాలని ఎగిరింది కదా.”

“ఏడేళ్ళొస్తే ఏడు ముద్దలు తినాలట. ఆరే కష్టంగా ఉందట. ఆరేళ్ళ దగ్గరే ఉండిపోవచ్చా తాతయ్యా అని అడిగింది.”

గేస్కె గుండెలో ఏదో కలుక్కుమంది. కానీ మనిషిది మొండి ప్రాణం. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. “చిన్నపిల్లలు సవాలక్ష అంటారు,” అని కంచం తీసేసింది.

అయిదున్నరకు మారిత్ వచ్చింది. కోటు కూడా విప్పకుండానే కూతురి ముఖం చూసింది, సింకు పక్కనున్న పాన్‌కేకుల దొంతర చూసింది. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

“కాలీఫ్లవర్,” అంది.

“నీకెలా తెలిసింది?” గేస్కె నోరు జారింది.

“ఎలా తెలిసిందా? నీ కూతురిని కదా! అమ్మా, ఎందుకు చేశావు? నేను చెప్పానా లేదా? దానికిష్టమైన వాటిలో ఏమీ దాచొద్దని, కాళ్ళు పట్టుకున్నంతగా చెప్పానా లేదా?”

“నాలుగు రేకులు కాలీఫ్లవర్ వేశాను, విషం వెయ్యలేదు!”

“దానికి తొమ్మిదే ఉన్నాయమ్మా. తొమ్మిదే. ఇప్పుడు ఎనిమిది. రేపట్నుంచి నేను పోసిన పాన్‌కేకు కూడా అది నమ్మదు. ఆ ఒక్కదానికీ మాకు ఎన్ని నెలలు పట్టిందో తెలుసా నీకు? వాళ్ళ నాన్న వౌటర్ రోజూ పిండి కలుపుతుంటే పక్కన కూర్చుని చూసేది. చూసి, ముట్టుకుని, వాసన చూసి... నాలుగు నెలలు! నువ్వు ఒక్క మధ్యాహ్నంలో ఊడ్చేశావు.”

“గారాబం చేసి మీరే చెడగొట్టారు. నేను ముగ్గుర్ని పెంచాను. ముద్దలు లెక్కపెట్టే పెంచాను. ఎవరైనా చచ్చారా?”

మారిత్ పాన్‌కేకుల దొంతరను పక్కకు నెట్టింది. తర్వాత మెల్లగా అంది. “చావలేదమ్మా. నేను ముద్ద బుగ్గలో పెట్టుకుని, బాత్‌రూమ్‌కి వెళ్ళి ఊసేసి వచ్చేదాన్ని. పదేళ్ళ దాకా. నీకు ఇప్పటిదాకా తెలియదు. ఖాళీ కంచం చూసి నువ్వెంత మురిసిపోయేదానివో! ఆ మురిపెం చూసి చెప్పలేకపోయేదాన్ని.”

గేస్కె పొయ్యి మీద లేని మరకను గుడ్డతో తుడవసాగింది.

“వచ్చే బుధవారం నుంచి ఫెన్నాను బడి దగ్గరే, బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే ఆఫ్టర్‌కేర్‌లో ఉంచుతాను,” అంది మారిత్, కూతురికి కోటు తొడుగుతూ. “పుట్టినరోజు అయ్యాక చూద్దాం.”

“మారిత్, అలా అనకే...”

“నాకు మాత్రం సరదానా అమ్మా? కానీ అన్నం దగ్గర దానికి భయమేస్తోంది. ఏ ఇంట్లో భయమేస్తుందో ఆ ఇంటికి ఎలా పంపను?”

తలుపు మూసుకుంది. రెండు సైకిళ్ళు గాలికి ఎదురుగా వెళ్ళిపోయాయి. చిన్నది వెనక్కి తిరిగి చెయ్యి ఊపలేదు.

తర్వాత వచ్చిన బుధవారం ఎంత పెద్దదో గేస్కెకు అప్పుడు తెలిసింది. పన్నెండుంబావుకు చేతులు వాటంతట అవే పెనం తీశాయి. మళ్ళీ పెట్టేసింది. కిటికీ తుడిచింది. తుడిచిన కిటికీనే మళ్ళీ తుడిచింది. హార్మ్‌తో గొడవ పెట్టుకుందామని చూసింది, ఆయన దొరకలేదు. రెండో బుధవారానికి ఇరుగుపొరుగు పిల్లలు బడి నుంచి వెళ్తుంటే తెర చాటు నుంచి చూస్తూ కళ్ళు ఒత్తుకుంది.

ఆ గురువారమే ఆవిడ వినికిడి మిషన్లు వచ్చాయి. ఆర్నెల్ల నుంచి హార్మ్ పోరు పడలేక కొలతలిచ్చిన మిషన్లవి. చెవుల్లో పెట్టుకుని ఇంటికొచ్చి కాఫీ కలిపింది. అంతే, ప్రాణం మీదికొచ్చింది. చెంచా కప్పుకు తగిలితే నెత్తి మీద సుత్తితో కొట్టినట్టుంది. కుళాయి నీళ్ళు బుసలు కొడుతున్నాయి. హార్మ్ పేపరు తిప్పితే ఇంటి కప్పు చీల్చినట్టుంది. ఆయన కాల్చిన రొట్టె కొరకసాగాడు.

“నమలకు!” అని అరిచింది గేస్కె.

“నమలకుండా ఎలా తినను?”

“అబ్బబ్బబ్బ, మాట్లాడకు కూడా!” అని రెండు చెవుల్లోంచీ మిషన్లు పీకి బల్ల మీద పడేసింది. “ఇవి నాకొద్దు. వాళ్ళకే ఇచ్చేసి రా.”

“అలవాటవుతుందే. అందరూ పెట్టుకుంటున్నారు. ఎవరైనా చచ్చారా?” అన్నాడు హార్మ్ నింపాదిగా.

“నీకేం తెలుసు నా అవస్థ!”

“నాకేమీ వినబడ్డం లేదు మరి. మామూలు చెంచా చప్పుడు, మామూలు పేపరు. నువ్వే గారాబం పోతున్నావు.” హార్మ్ మిషన్లను ఆవిడ వైపు జరిపాడు. “సరే, ఒక పని చెయ్యి. నీకు అరవై ఎనిమిదేళ్ళు కదా. అరవై ఎనిమిది నిమిషాలు పెట్టుకో, చాలు. లెక్క నేను పెడతాను.”

గేస్కె ఆయన్ని చూసింది. తిట్టడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

నలభై రెండేళ్ళ కాపురంలో ఆయన ఒక్క వాక్యంతో ఆవిడ నోరు కట్టెయ్యడం అదే మొదలు. గేస్కె కుర్చీలో కూలబడింది. అందరికీ మామూలుగా ఉన్న చప్పుడు తన చెవిలో సుత్తి దెబ్బ ఎలా అయిందో, అందరికీ కమ్మగా ఉన్న ముద్ద ఆ పసిదాని నోట్లో ఏమై ఉంటుందో... ఆరుసార్లు. ప్రతి పూటా ఆరుసార్లు, అమ్మమ్మ నవ్వుతూ లెక్కపెడుతుంటే.

“అయ్యో హార్మ్,” అంది. “అయ్యో, నేనేం చేశానయ్యా!”

ఇంకో నిమిషంలో ఆవిడ కోటు వేసుకుంటోంది.

“ఎక్కడికీ? గాలి చూశావా? చెట్లు ఊగిపోతున్నాయి!”

“ఊగనీ!” అని సైకిలెక్కేసింది. నాలుగు కిలోమీటర్లు ఎదురుగాలిలో తొక్కింది. జుట్టు రేగిపోయి, ముక్కు కారుతూ, రొప్పుతూ కూతురి గుమ్మంలో నిలబడితే తలుపు తీసిన అల్లుడు వౌటర్ కంగారు పడ్డాడు.

“అత్తయ్యా! ఏమైంది? మామయ్య బాగానే ఉన్నారా?”

“ఆయనకేం, రాయిలా ఉన్నాడు. ఫెన్నా ఏది?”

ఫెన్నా ముందుగదిలో నేల మీద రంగులు వేస్తోంది. అమ్మమ్మను చూసి లేవలేదు. గేస్కె కోటు జేబులో తెచ్చిన మిషన్లు చెవుల్లో పెట్టుకుని, కోటుతోనే పక్కన చతికిలబడింది.

“ఫెన్నా, ఆ రోజు పాన్‌కేకుల్లో కాలీఫ్లవర్ వేశాను. అడిగితే వెయ్యలేదన్నాను. అబద్ధం చెప్పాను.”

“నాకు తెలుసు,” అంది ఫెన్నా తలెత్తకుండా. “తడి ఇసకలా ఉంది.”

“తడి ఇసకలానా?”

“ఊఁ. ముందు మెత్తగా ఉంటుంది. తర్వాత ఇసక వస్తుంది. ఇసక ఎప్పుడొస్తుందో తెలీదు. అందుకే భయం.”

“మరి స్టాంపాట్?”

ఫెన్నా రంగు పెన్సిలు ఆపి ఆలోచించింది. ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. “అందులో అందరూ ఒకేసారి అరుస్తారమ్మమ్మా. మెత్తది ఒకటి అరుస్తుంది, కరకరది ఒకటి అరుస్తుంది, మాంసం ఒకటి అరుస్తుంది. ఎవరి మాట వినాలో నా నోటికి తెలీదు.”

గేస్కెకు ఏడుపు ఆగలేదు. గుమ్మంలో నిలబడి వింటున్న మారిత్‌కు కూడా ఆగలేదు. తల్లిని లేవదీసి, కోటు విప్పించి, వంటింట్లోకి తీసుకెళ్ళి కాఫీ పెట్టింది. పిల్లల తిండి ఇబ్బందులు చూసే థెరపిస్టు ఏం చెప్పిందో ఈసారి గేస్కె చెవి ఒగ్గి వింది. కొత్త పదార్థాన్ని బల్ల మీద ఉండనిస్తే అదొక గెలుపు. ముట్టుకుంటే గెలుపు. వాసన చూస్తే గెలుపు. నాలుక తగిలిస్తే పెద్ద గెలుపు.

“కొరికి ఊసేస్తే?” అంది గేస్కె.

“చాలా పెద్ద గెలుపు.”

“ఊసేస్తేనా!” ముప్పై ఒక్క ఏళ్ళ వంటమనిషి ప్రాణం గిలగిల్లాడింది. “సరే. గెలుపే. నువ్వెలా అంటే అలాగే. నేను మళ్ళీ ఒకటో తరగతి నుంచి మొదలెడతాను. మారిత్, పుట్టినరోజు మా ఇంట్లో చెయ్యనీవే. వంట నాది.”

మారిత్ కాఫీ కప్పు దించింది. “ఒక్కటే షరతు. దాని కంచం గురించి నువ్వు ఒక్క మాట మాట్లాడకూడదు. తిను అనకూడదు, బాగుందా అనకూడదు. తింటే భేష్ అని చప్పట్లు కూడా కొట్టకూడదు.”

“నోరు మూసుకోవడమేగా? అదెంత పని!”

సాయంత్రం ఆ మాట విన్న హార్మ్, “అయితే అయిపోయాం,” అన్నాడు.

ఆ వారం రోజులూ గేస్కె పూనకం వచ్చినట్టు పని చేసింది. గిన్నెలన్నీ దించింది, కడిగింది. శనివారం మూడింటికల్లా చుట్టాలొచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే, ఆ ఊరి పద్ధతి ప్రకారం, గది చుట్టూ తిరిగి అందరికీ చెయ్యి కలిపి, అమ్మకూ నాన్నకూ అమ్మమ్మకూ తాతకూ పేరుపేరునా శుభాకాంక్షలు చెప్పి, గుండ్రంగా వేసిన కుర్చీల్లో సర్దుకున్నారు. కాఫీ అయింది, కేకు అయింది, ఫెన్నా కొత్త స్కేట్లు తొడుక్కుని వరండాలో రెండుసార్లు పడడం కూడా అయింది.

అయిదున్నరకు గేస్కె మధ్యనున్న బల్ల మీద గిన్నెలు తెచ్చి పెట్టసాగింది. ఒక గిన్నెలో ఉడికించిన బంగాళదుంపలు, గుండ్రంగా, మెదపకుండా. ఒక గిన్నెలో తరిగిన ఎండైవ్. ఇంకోదాంట్లో మాంసం ముక్కలు. వేరే గిన్నెలో కీరదోస, వేరే పళ్ళెంలో చీజు, రొట్టె. ఏదీ దేనికీ తగలదు.

హార్మ్ అక్క ట్రూస్ కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. డెబ్బై నాలుగేళ్ళ ఆడపడుచు, నోటికి తాళం లేదు. “ఏమిటమ్మా ఇది? మెదపడం మర్చిపోయావా, చేతుల్లో సత్తువ అయిపోయిందా?”

“ఎవరికి కావాల్సింది వాళ్ళు వేసుకోవడమే వదినా. కలుపుకోవాలంటే మీ కంచంలో మీరు కలుపుకోండి.”

“స్టాంపాట్‌ని విడివిడిగా పెట్టడం నా జన్మలో చూడలేదు. పెళ్ళికి పిలిచి పెళ్ళికొడుకుని ఒక గదిలో, పెళ్ళికూతుర్ని ఇంకో గదిలో కూర్చోబెట్టినట్టుంది!”

అందరూ గొల్లుమన్నారు. గేస్కె కూడా నవ్వింది. నవ్వు ఇంకా ముగియకుండానే ట్రూస్ ఫెన్నా వైపు తిరిగింది. “అవునూ, ఇవాళ్టితో ఏడేళ్ళు కదూ? అయితే ఏడు ముద్దలు! రా, పెద్దమ్మమ్మ పక్కన కూర్చో, నేను లెక్కపెడతాను.”

ఫెన్నా చేతిలో కంచం ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. ఆ కళ్ళు బల్ల కిందికి దారి వెతుక్కుంటున్నాయి. మారిత్ కుర్చీలోంచి సగం లేచింది.

అంతకంటే ముందే గేస్కె లేచింది.

“ఈ ఇంట్లో ముద్దలు లెక్కపెట్టడం లేదు వదినా.”

“అదేమిటి? మీ అమ్మ పెట్టిన నియమమే కదా. మా తమ్ముడి పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నాను.”

“మా అమ్మ పెట్టిందే. మా అమ్మదీ తప్పే, నాదీ తప్పే.” గేస్కె బల్ల మీద చెయ్యి ఆనించుకుంది. “ఈ ఇంట్లో నేను లెక్కపెట్టి తినిపించిన ప్రతి ముద్దకూ నాకిప్పుడు సిగ్గుగా ఉంది. నా కూతురు బాత్‌రూమ్‌లో ఊసుకుంది, నా మనవరాలు పుట్టినరోజే వద్దనుకుంది. నేను మాత్రం ఖాళీ కంచం చూసుకుని గొప్ప వంటమనిషిననుకున్నాను. ఇక మీదట ఇక్కడ ఎవరికెంత కావాలో వాళ్ళంతే తింటారు. వద్దంటే సున్నా.”

గేస్కె లాంటి మనిషి పదిమంది ముందు తప్పు ఒప్పుకోవడం వాళ్ళెవరూ ఎరగరు. మారిత్ లేచిన మనిషి లేచినట్టే ఉండిపోయింది.

“సున్నానా?” అంది ఫెన్నా.

“సున్నా,” అంది గేస్కె. ఇక షరతు గుర్తొచ్చి, పెదాలు బిగించి కూర్చుంది.

ఫెన్నా చీజు తీసుకుంది, రొట్టె తీసుకుంది. కూర్చుని తింది. అందరూ తమ తమ కంచాల్లో పడ్డారు. మాటలు మళ్ళీ మొదలయ్యాయి, దుంపల ధర గురించీ, వానల గురించీ. చాలాసేపటికి ఫెన్నా చెయ్యి ఎండైవ్ గిన్నె వైపు వెళ్ళింది.

ఒక పచ్చటి పోగు తీసింది. అటూ ఇటూ తిప్పి చూసింది. వాసన చూసింది. చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. టక్!

“ఇది ముందే అరుస్తుంది,” అంది తనలో తను. “తర్వాత ఏమీ దాచుకోదు.”

గేస్కె పక్కనున్న హార్మ్ మోకాలు పట్టుకుంది. నొప్పి మోకాలే. ఆయన కిక్కురుమనలేదు. ట్రూస్ ఏదో అనబోతే వౌటర్ ఆవిడ నోటికి అందేలా కాఫీ కప్పు ఇచ్చాడు. ఒక్కొక్కరే మాటలు ఆపేశారు, ఎవరూ చూడనట్టు నటిస్తూ అందరూ చూస్తున్నారు.

ఫెన్నా నాలుక చివర తగిలించింది. ముఖం చిట్లించింది. మళ్ళీ తగిలించింది. పళ్ళ మధ్య పెట్టింది.

కరుక్కుమంది.

నమిలింది! ఒకసారి, రెండుసార్లు, మూడోసారి కూడా. అప్పుడు ఫెన్నా కాగితపు రుమాలు తీసుకుని, అందులోకి శుభ్రంగా ఊసేసి, మడత పెట్టి కంచం పక్కన పెట్టింది.

“చేదు,” అని ప్రకటించింది. “కానీ చప్పుడు బాగుంది.”

చప్పట్లు కొట్టకూడదు. భేష్ అనకూడదు. గేస్కె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. కన్నీళ్ళు మాత్రం షరతులో లేవు, అవి ధారగా కారిపోయాయి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఖాళీ కంచాలు లక్షల్లో చూసింది. ఏ ఖాళీ కంచమూ ఆ మడత పెట్టిన రుమాలంత గొప్పగా కనిపించలేదు.

మారిత్ వచ్చి తల్లి కుర్చీ చేతి మీద కూర్చుంది. చెవి దగ్గర వంగి, “బుధవారం బడి దగ్గరికి నువ్వే వెళ్ళమ్మా,” అంది. గేస్కె తలూపింది.

ఈలోగా ఫెన్నా లేచింది. పుట్టినరోజు పిల్ల అందరికీ పంచి పెట్టాలి, అది తన హక్కు. ఎండైవ్ గిన్నె రెండు చేతులా పట్టుకుని, కుర్చీల వరసలో మొదటి మనిషి నుంచి మొదలెట్టింది.

“నీకు కావాలా? ఊసేసినా ఫర్వాలేదు.”

తాతయ్య తీసుకున్నాడు. నాన్న తీసుకున్నాడు. కాఫీ తాగుతున్న ట్రూస్ ముందు గిన్నె ఆగింది. “పచ్చి ఆకా? కాఫీతోనా?” అంది ఆవిడ. “వద్దంటే వద్దులే పెద్దమ్మమ్మా,” అంది ఫెన్నా పెద్దరికంగా. ట్రూస్ ఒక్క క్షణం తటపటాయించి, పోగు తీసుకుని నోట్లో వేసుకుంది. గదంతా కరకరల మోత, నవ్వుల మోత.

చివర్న అమ్మమ్మ కుర్చీ. ఫెన్నా గిన్నె ముందుకు చాపింది. తడిసిన ఆ ముఖం కేసి చూసి, గిన్నె కాస్త వెనక్కి తీసుకుంది.

“ఇప్పుడే తినక్కర్లేదు అమ్మమ్మా,” అంది మెల్లగా. “ముందు వాసన చూడు.”